తాతయ్య చెరుకు, నాయనమ్మ రోలు

పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళమని ఎవరికి చెప్పినా మధ్యలో ఒక తాతయ్య అడ్డం వస్తాడు. "మా తాతయ్య జన్మలో బ్రష్షు పట్టుకోలేదండీ, వేప పుల్లే. ఎనభై ఏళ్ళప్పుడు కూడా చెరుకు గడ పంటితో చీల్చేవాడు" అంటారు. అబద్ధమేం కాదు. మాకూ అలాంటి తాతయ్య ఉండేవాడు. కాకపోతే ఆయన పక్కనే మా నాయనమ్మ కూడా ఉండేది. అదే పెరటి వేపచెట్టు, అదే పుల్ల. నలభై దాటేసరికే ముందు పళ్ళు కదిలి ఒక్కొక్కటే చేతిలోకి వచ్చేశాయట. నాకు ఊహ తెలిసేనాటికి ఆవిడ తమలపాకూ వక్కా చిన్న ఇనప రోట్లో దంచుకుని నోట్లో వేసుకునేది. ఆ టకటక వింటూ మధ్యాహ్నాలు నిద్రపోయేవాళ్ళం. తాతయ్య చెరుకు కథ మా ఇంట్లో వందసార్లు చెప్పుకున్నారు. నాయనమ్మ రోలు ఎందుకొచ్చిందో ఎవరూ అడగలేదు. వయసు అనుకున్నారు, అంతే.

ఈ తాతయ్య వాదనకు జవాబు నాకు శ్రీలంక తేయాకు తోటల్లో దొరికింది. హరాల్డ్ లో అనే నార్వే దంతవైద్యుడూ ఆయన బృందమూ 1970 నుంచి 1985 దాకా అక్కడి 480 మంది తమిళ కూలీల నోళ్ళు మళ్ళీ మళ్ళీ పరీక్షించారు. వాళ్ళకు బ్రష్షు అలవాటు లేదు, పళ్ళ డాక్టరు మొహం చూసినవాళ్ళు కారు. అందరి పళ్ళ మీదా పాచి, గార. అందరి చిగుళ్ళూ వాచే ఉన్నాయి. అయినా నూటికి 11 మందికి జబ్బు ఆ వాపు దగ్గరే ఆగిపోయింది. 81 మందికి మెల్లగా ముదురుతూ పోయింది. మిగిలిన 8 మందికి నలభై అయిదేళ్ళు వచ్చేసరికి నోట్లో పన్నే మిగల్లేదు. మన తాతయ్యలు ఆ 11 మందిలోని వాళ్ళు. వాళ్ళ పళ్ళు నిలిచింది పుల్ల మహిమ వల్ల అనుకుంటే, అదే పుల్ల వాడిన నాయనమ్మ సంగతేమిటి? పదిహేనేళ్ళపాటు జబ్బు దాని దారిన అది పోతుంటే మిల్లీమీటర్లు కొలిచారు కదా అని ఆ లెక్కలు చదువుతున్నప్పుడు మనసు చివుక్కుమంటుంది కూడా. అది వేరే మాట.

అంతకుముందే, 1965లో, ఆ నార్వే డాక్టరే డెన్మార్కులోని ఆర్హుస్‌లో పన్నెండు మంది చేత పళ్ళు తోముకోవడం మాన్పించి చూశాడు. ఎక్కువమంది దంతవైద్య విద్యార్థులే. పది రోజుల నుంచి మూడు వారాల్లోపు అందరికీ చిగుళ్ళు వాచాయి. మళ్ళీ తోమడం మొదలెట్టాక వారం పది రోజుల్లో తగ్గిపోయాయి. అంటే ఈ దశలో జబ్బు మన చేతుల్లోనే ఉంది. ఇది దాటితే లేదు. పాచి తీయకపోతే లాలాజలంలోని కాల్షియం పట్టి గట్టిపడి గార అవుతుంది. లాలాజలం ఊరే చోటుకు దగ్గర కాబట్టి కింది ముందు పళ్ళ వెనక ఎక్కువ పేరుకుంటుంది, నాలుకతో తడిమితే గరుకుగా తగులుతుంది. దాని కింద చేరిన సూక్ష్మజీవులతో ఒళ్ళు పోరాడుతూ పోరాడుతూ, పంటిని పట్టుకున్న ఎముకనే కరిగించుకుంటుంది. కరిగిన ఎముక దానంతట అది తిరిగి రాదు.

ఇంత జరుగుతున్నా నొప్పి ఉండదు. పిప్పి పన్నుకున్న మర్యాద చిగురుకు లేకపోవడానికి కారణం అదే. పిప్పి పన్ను రాత్రి నిద్రపోనివ్వదు, తెల్లారేసరికి క్లినిక్కు ముందు నిలబెడుతుంది. చిగురు కాస్త రక్తం చూపించి ఊరుకుంటుంది. మనం ఏం చేస్తాం? రక్తం వస్తున్న చోట తోమడం మానేస్తాం, పాచికి పండగ. పొగ తాగేవాళ్ళకు ఆ రక్తం కూడా సరిగా కనబడదు, పొగ చిగుళ్ళలో రక్తనాళాలను బిగదీస్తుంది. శ్రీకాకుళం, విశాఖ తీరపు పల్లెల్లో చుట్ట నిప్పు లోపలికి పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్ళుంటారు. వాళ్ళ అంగిలి గురించే డాక్టర్లు భయపడతారు, చిగుళ్ళ దాకా ఎవరూ రారు.

స్కేలింగు చేయిస్తే పళ్ళు వదులవుతాయన్న మాట నేనూ నమ్మినవాణ్ణే. చేయించుకున్న రోజు సాయంత్రం నాలుకకు పళ్ళ మధ్య సందులు తగిలాయి, చల్లనీళ్ళు జివ్వుమన్నాయి. డబ్బిచ్చి పళ్ళు పాడుచేసుకున్నానని వారం రోజులు తిట్టుకున్నాను. ఆ సందుల్లో ఇన్నాళ్ళూ ఉన్నది పన్ను కాదనీ, గార అనీ, అది ఆక్రమించుకున్న జాగానే ఖాళీ అయిందనీ తర్వాత తెలిసింది. అంతకుముందు ఆ డాక్టరమ్మ ఒక సన్నటి కొలత పుల్లతో ప్రతి పంటి చుట్టూ ఆరు చోట్ల లోతు చూసి, తంబోలా అంకెల్లా గట్టిగా చదివింది, అసిస్టెంటు రాసుకుంది. మూడు మిల్లీమీటర్ల దాకా ఫర్వాలేదట. "అయిదు" అన్నప్పుడల్లా నా గుండె జారింది. అలాంటి చోట్ల మత్తిచ్చి వేరు దాకా గీకి శుభ్రం చేశారు. అప్పటికీ తగ్గకపోతే చిగురు తెరిచి చేస్తారట. నాకు అంతదూరం రాలేదు.

షుగరున్న వాళ్ళకు చిగుళ్ళు త్వరగా పాడవుతాయి. పాడైన చిగుళ్ళు షుగరును లొంగనివ్వవు. చిగుళ్ళకు వైద్యం చేస్తే మూడు నాలుగు నెలల్లో మూడు నెలల సగటు చక్కెర పరీక్ష అంకె దాదాపు 0.4 తగ్గుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. మరి మన షుగరు డాక్టర్లు పాదాలు చూస్తారు, కళ్ళ పరీక్షకు పంపుతారు, నోరు తెరవమని ఎందుకు అనరు? బీపీకి రోజూ వేసుకునే ఆమ్లోడిపిన్ కొందరిలో చిగుళ్ళను ఉబ్బేలా చేస్తుందని మందు చీటీ రాసేటప్పుడు ఒక్క మాట చెబితే ఏం పోయింది?

మన తోముడు కూడా విచిత్రం. పొద్దున్నే వీధంతా వినబడేలా నాలుక గీసుకుని ఖాండ్రిస్తాం. రాత్రి పెరుగన్నం తిని పుక్కిలించి పడుకుంటాం. పాచికి ఆ రాత్రంతా అడ్డు ఉండదు. మెత్తటి బ్రష్షు కుచ్చును పన్నూ చిగురూ కలిసే చోటికి ఏటవాలుగా ఆనించి, చిన్నగా కదుపుతూ రెండు నిమిషాలు తోమాలి. గట్టి బ్రష్షుతో గోడకు సున్నం కొట్టినట్టు అడ్డంగా రుద్దితే చిగురు అరుగుతుంది. పళ్ళ మధ్యకు ఏ బ్రష్షూ పోదు, వేప పుల్లా పోదు. దానికి దారమో, సందుల్లో దూరే బుల్లి బ్రష్షో కావాలి. మనవాళ్ళు పిన్నీసు వాడతారు, దాని గురించి రాయాలంటేనే భయంగా ఉంది.

మా పెదనాన్నగారి అబ్బాయికి అన్నీ తాతయ్య పోలికలే. పళ్ళు కూడా ఆయనవే వచ్చాయని చెప్పుకుంటాడు. సంక్రాంతికి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు పొద్దున్నే వాష్‌బేసిన్ దగ్గర అతను ఉమ్మిన నురగ గులాబీ రంగులో కనబడింది. "రక్తం వస్తోంది కదరా అన్నయ్యా" అన్నాను. "బ్రష్షు కొత్తదిరా, గట్టిగా ఉంది" అన్నాడు. నాయనమ్మ రోలు ఇప్పుడు వాళ్ళింట్లోనే ఉంది. టీలోకి అల్లం, యాలకులు దంచుతున్నారు.