సెలవు సంగతి చేరకముందే చెప్పండి



సిరొంచ ఉన్నది మహారాష్ట్రలోనైనా అక్కడి ఇళ్ళలో వినబడేది తెలుగే. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసేది అక్కడే. అవతలి ఒడ్డున కాళేశ్వరం. జిల్లా కేంద్రమైన గడ్చిరోలికి పోవాలంటే 200 కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ నేర్చిన ఆ ప్రాంతపు పిల్లలు ఉద్యోగాల కోసం కొందరు హైదరాబాదుకు, కరీంనగర్‌కు, కొందరు నాగపూర్‌కు, పుణెకు పోతున్నారు. వీరిలో చాలామంది తమ ఇంట్లో మొట్టమొదటగా నెల జీతం అందుకుంటున్నవారు. సెలవు ఎలా అడగాలో వీరికి ఇంట్లో నేర్పినవారు లేరు. పత్తి ఏరడానికి, మిరపకాయలు తెంపడానికి నది దాటి తెలంగాణకు పోయే అమ్మానాన్నలకు పని చేసిన రోజే కూలి. చేయని రోజు పస్తు. సెలవు అనే మాటే వారి బతుకులో లేదు.

ఇక అసలు సంగతికి వద్దాం. సిరొంచకు రైలు లేదు. పుణె నుండి రావాలంటే బల్లార్షాలోనో మంచిర్యాలలోనో దిగి బస్సు పట్టుకోవాలి. 2024 నవంబర్ 1 నుండి రైలు టిక్కెట్లు 60 రోజుల ముందు నుండి మాత్రమే ఇస్తున్నారు. డిసెంబర్ 23న బయలుదేరాలంటే అక్టోబర్ చివరి వారంలోనే టిక్కెట్టు తీసుకోవాలి, ఆలస్యమైతే దొరకదు. నవంబర్‌లో కొత్త ఉద్యోగం వచ్చిందనుకోండి. చేతిలో ఆఫర్ లెటర్, జేబులో క్రిస్మస్ టిక్కెట్టు. కొందరికి అది చెల్లెలి పెండ్లి. మూడు ఆదివారాలు సంఘంలో ప్రకటన కూడా అయిపోయి ఉంటుంది. ఈ మాట కొత్త యజమానికి చెప్పాలా? చెబితే ఉద్యోగం పోతుందేమో!

ఈ భయంతో మన పిల్లలు రెండు దారులు పడుతున్నారు. కొందరు నోరు మెదపకుండా టిక్కెట్టు రద్దు చేసుకుని, పండుగ నాడు హాస్టల్ గదిలో ఒంటరిగా కూర్చుంటారు. మరికొందరు డిసెంబర్ 22 దాకా మౌనంగా ఉండి, ఆ రాత్రి ‘నానమ్మకు సీరియస్’ అని మెసేజ్ పెట్టి బండెక్కుతారు. మొదటి దారిలో మనిషి నలిగిపోతాడు. రెండో దారిలో అతని మాటకు విలువ పోతుంది. రేపు నిజంగానే నానమ్మకు ప్రాణం మీదికి వస్తే అప్పుడు నమ్మేవారుండరు.

బైబిల్లో సెలవు అడిగిన మనిషి ఒకడున్నాడు. షూషను కోటలో రాజుకు గిన్నె అందించే నెహెమ్యా. కిస్లేవు నెలలో యెరూషలేము గోడల సంగతి విన్నాడు, నీసాను నెల వచ్చేదాకా ప్రార్థనలోనే ఉన్నాడు. రాజు అడిగినప్పుడు మాత్రం, ఎంతో భయపడుతూనే, ఉన్నదున్నట్టు చెప్పాడు. ప్రయాణం ఎన్నాళ్ళు, తిరిగి ఎప్పుడు వస్తావని రాజు అడిగాడు. నెహెమ్యా గడువు చెప్పాడు. దారిలో పనికివచ్చే పత్రాలు కూడా రాయించుకున్నాడు. ప్రార్థన, ధైర్యం, తేదీ, కాగితం. ఇవి నాలుగూ ఉండాలి. మనలో చాలామంది ప్రార్థన దగ్గరే ఆగిపోతున్నారు.

కాబట్టి ఉద్యోగం ఇస్తున్నామని వారు చెప్పాక, మీరు సంతకం పెట్టకముందు ఈ మాట చెప్పండి. అడగకుండానే చెప్పండి. చేరే తేదీ మాట్లాడేటప్పుడే ఇది కూడా మాట్లాడవచ్చు. పెద్ద కథ అక్కరలేదు. ఇలా రాస్తే చాలు: ‘సార్, మీ సంస్థలో చేరడం నాకు సంతోషం. డిసెంబర్ 23 నుండి 27 వరకు మా ఊరికి వెళ్ళడానికి ముందే టిక్కెట్లు తీసుకున్నాను. 28న పనికి వస్తాను. ఆ అయిదు రోజులకు జీతం కోసినా అభ్యంతరం లేదు. దయచేసి మీ అంగీకారం తెలియజేయగలరు.’ ఫోనులో మాట్లాడినా సరే, తర్వాత ఈమెయిల్‌లోనో వాట్సాప్‌లోనో జవాబు తీసుకోండి. ఈరోజు సరేనన్న మేనేజర్ డిసెంబర్‌కు మారిపోవచ్చు, రాసిన మాట నిలుస్తుంది. ఒకవేళ కుదరదంటే ఆ సంగతి చేరకముందే తెలుస్తుంది. టిక్కెట్టు మార్చుకోవాలా, రోజులు తగ్గించుకోవాలా, వేరే ఉద్యోగం చూసుకోవాలా అన్నది అప్పుడు మీ చేతిలో ఉంటుంది.

చట్టం చూసుకుంటుందిలే అనుకోవద్దు. మహారాష్ట్రలో ఒక నిర్ణీత సంఖ్యకు తగ్గకుండా పనివారున్న దుకాణాలకు, సంస్థలకు 2017 నాటి చట్టం వర్తిస్తుంది. దాని ప్రకారం ఏడాదికి 8 రోజుల క్యాజువల్ లీవు ఉంటుంది, కానీ అది మూడు నెలలకొకసారి కొంత కొంతగా జమ అవుతుంది. జీతంతో కూడిన ఇతర సెలవు రావాలంటే 240 రోజులు పనిచేయాలి. పండుగ సెలవులు 8 ఉన్నాయి. అందులో జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబర్ 2 ఖాయం. మిగతా నాలుగు యజమాని, పనివారు కలిసి నిర్ణయించుకోవాలి. అంటే ఆ నాలుగింటిలో క్రిస్మస్ ఉండాలంటే ఎవరో ఒకరు నోరు తెరిచి అడగాలి. హైదరాబాదులో వర్తించే 1988 నాటి దుకాణాల చట్టంలోనూ 240 రోజులు పనిచేశాకే 15 రోజుల సెలవు. నవంబర్‌లో చేరినవారికి డిసెంబర్‌లో కోరుకున్న అయిదు రోజులు చట్టమే ఇస్తుందన్న భరోసా లేదు. ముందుగా కుదుర్చుకున్న మాటే ఇస్తుంది.

ఇంతవరకు అడిగేవారికి చెప్పాం. ఇప్పుడు ఇచ్చేవారి సంగతి. మూడు దినముల ప్రయాణానికి సెలవు అడిగిన మోషేకు ఫరో ఏమి జవాబిచ్చాడో మనకు తెలుసు. సోమరులన్నాడు, గడ్డి ఇవ్వడం మానేశాడు, ఇటుకల లెక్క మాత్రం తగ్గించలేదు. ఈ కథ మీద ప్రసంగాలు చేసే మనమే పాఠశాలలు నడుపుతున్నాం, ఆసుపత్రులు, దుకాణాలు నడుపుతున్నాం. మన ఇళ్ళలో పనిమనుషులున్నారు. క్రిస్మస్ నాడు మన గిన్నెలు తోమేదెవరు? కొత్తగా చేరిన నర్సు సెలవు మాట ఎత్తితే మన ముఖం ఎలా మారుతోంది? ద్వితీయోపదేశకాండములో విశ్రాంతి దినపు ఆజ్ఞ దాసునికి, దాసికి కూడా విశ్రాంతి ఇమ్మంటుంది. నీవూ ఒకప్పుడు ఐగుప్తులో దాసుడవే సుమా అని కారణమూ చెబుతుంది. పనిలో పెట్టుకునే రోజునే ‘మీకు ముందే కుదిరిన ప్రయాణాలు ఏమైనా ఉన్నాయా’ అని యజమానే అడిగితే, ఆ ఒక్క ప్రశ్నతో ఎంత భయం, ఎన్ని అబద్ధాలు తప్పుతాయో ఆలోచించండి.

ఇది క్రైస్తవుల పండుగ కోసం మాత్రమే చెబుతున్న మాట కాదు. గడ్చిరోలి ఆదివాసీలెందరికో రెండేళ్ళకొకసారి వచ్చే మేడారం జాతర ముఖ్యం. ముస్లిం సోదరునికి రంజాన్, పక్క సీటు అక్కకు బతుకమ్మ ముఖ్యం. ‘నా క్రిస్మస్‌కు నా డ్యూటీ నువ్వు చూడు, నీ పండుగకు నీ డ్యూటీ నేను చూస్తా’ అని తోటివారితో ఒప్పందం చేసుకోండి. అలా కలిసి అడిగితే ఏ మేనేజరైనా తేలికగా కాదనలేడు.

మిరప తోటలో ఉన్న తల్లికి మాత్రం అడగడానికి ఆఫీసు లేదు, ఈమెయిల్ లేదు. గుడ్ ఫ్రైడే తరచు మిరప తెంపే రోజుల్లోనే వస్తుంది. ఆ రోజు పనికి రాకపోతే కూలి పోతుంది. ముఠా మేస్త్రితో, రైతుతో పనికి కుదిరే రోజునే ఆరాధన దినాల సంగతి, వారానికొక విశ్రాంతి సంగతి మాట్లాడి పెట్టడానికి సరిహద్దుకు ఇటు అటు ఉన్న మన సంఘాలు, కాపరులు పూనుకోవాలి. ఉద్యోగంలో కుదురుకున్న బిడ్డలు తమ సెలవు గురించి మాట్లాడడం నేర్చుకున్నాక, తల్లి సెలవు గురించి కూడా మాట్లాడాలని మా మనవి.