మేనమామ పోలిక

పోలవరమున మా బడిలో చేర్చుటకు ఒక తల్లి ఆఱేండ్ల బాలుని చంకనెత్తుకొని వచ్చినది. వాని కాళ్లు కత్తెరవలె పెనవైచుకొని యుండెను. కుడిచేతి పిడికిలి విడదు. వైద్యున కింతవఱ కేల చూపలేదని యడిగితిమి. “మేనమావ పోలికండీ, ఆయనా ఆలస్యంగానే నడిచాడంటండీ” యని బదులు చెప్పెను. ఈ యొక్క మాట యెందఱు పసివాండ్ర కాలమును హరించుచున్నదో!

దీనిని సెరిబ్రల్ పాల్సీ యందురు. గర్భమునందుగాని, ప్రసవవేళగాని, పుట్టిన కొలదికాలమునగాని పెరుగుచున్న మెదడునకు హాని కలిగి, కండరముల యదుపు చెడుట దీని స్వరూపము. ఇది గాలియు గాదు, తల్లి పాపమును గాదు. నెలలు నిండని జననమునకును, కష్టప్రసవమునకును దీనితో గల సంబంధమును 1861లోనే లండనులో విలియం జాన్ లిటిల్ అను వైద్యుడు వివరించెను.

గుఱుతులు ఇంటిలోనే కనబడును. నాలుగు నెలలు దాటినను మెడ నిలువదు. తొమ్మిది నెలలకును ఆసరాలేక కూర్చుండదు. ఏడాది నిండకమునుపే బిడ్డ ఒక చేతినే వాడును. స్నానము చేయించునపుడు తొడలు బిగుసుకొనును. వీనిలో ఒక్కదానినిబట్టి రోగనిర్ణయము చేయరాదు. వైద్యుడు బిడ్డ కదలికలను, కండరముల బిగువును పరీక్షించి, వలసినచో మెదడునకు ఎం.ఆర్.ఐ. తీయించును. నేర్పరులు ఆఱు నెలలలోపలనే దీనిని పోల్చగలరు.

పక్షిదోషమని తాయెత్తు కట్టువారు శాస్త్రమును సాక్షికి పిలుతురు. సుశ్రుతుడు బాలగ్రహములను చెప్పినమాట నిజమే. కాని కాశ్యపసంహిత, ఏడాది నిండినను నడువని శిశువును ఫక్కుడని పేర్కొని, మూడు చక్రముల బండితో నడక నేర్పుమన్నది. ఆ ఫక్కరోగమును ఈ వ్యాధియు నొకటే యని మే మనము. ఏడాదికే మేలుకొనుమన్న మాట మాత్రము మనకు శిరోధార్యము కాదా?

“కుదురని రోగము ముందుగా తెలిసిన నేమి ఫలము?” అని కొంద ఱందురు. మెదడునకైన గాయము మానదు, నిజమే. కాని లేతమెదడు క్రొత్తదారులు వెదకుకొనును. తొలి యేండ్లలో సాధన చేయించినచో చేయి పని నేర్చును. తుంటికీలు తొలగకుండ కనిపెట్టవచ్చును. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమున ఆశా కార్యకర్త ఇంటికే వచ్చి శిశువును చూడవలయును. ఆమెను గుమ్మమునుండి పంపివేయుచున్న దెవరు? చదువుకొన్న మనమే!

భద్రాచలమున గోదావరి 43 అడుగులు చేరి మొదటి హెచ్చరిక రాగానే మన యూరివారు సామాను సర్దుకొందురు. నీరు గుమ్మ మెక్కువఱకు ఆగరు. విడువని ఆ చిన్నిపిడికిలియు మొదటి హెచ్చరికయే. ధాన్యమునకు చూపు జాగ్రత్త బిడ్డకు చూపలేమా?