ముసలి పిల్లికి దమ్మొస్తే

చందుర్తి లాంటి ఊళ్లో పిల్లిది వడ్ల బస్తాల కాడ కొలువు. పదీ పన్నెండేళ్లు ఎలుకలు పట్టి అరుగెక్కాక దాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. డొక్కలెగరేస్తుంటే ‘ముసలిదైంది, దమ్మొస్తోంది’ అంటారు. అక్కడే పొరపాటు. వయసొక్కటే దమ్ము తేదు. గుండె కండరం మందమెక్కడమో, ఛాతీలో నీరు చేరడమో, ఉబ్బసమో, గడ్డో, అలాంటిదేదో లోపల ఉండే ఉంటుంది. వీటిలో కొన్నింటికి మందుంది. ఛాతీలో చేరిన నీటిని డాక్టరు సూదితో తీస్తే కాసేపటికే పిల్లి తేరుకోవచ్చు.

చిక్కేమిటంటే, పిల్లి తన బాధను దాచుకుంటుంది. అందుకే అది నిద్రలో ఉన్నప్పుడు శ్వాసల లెక్క తీయాలి. పక్కటెముకలు లేచి పడితే ఒక శ్వాస. ఫోన్లో అర నిమిషం చూస్తూ లెక్కపెట్టి, వచ్చిన సంఖ్యను రెట్టింపు చేయాలి. నిమిషానికి 15 నుంచి 30 మామూలు. మళ్లీ మళ్లీ 30 దాటుతుంటే డాక్టరుకు చూపించాలి. కుక్క ఎండకు నాలుక చాపి రొప్పడం రోజూ చూసేదే. పడుకున్న పిల్లి నోరు తెరిచి ఊపిరి తీసిందంటే మాత్రం తెల్లారేదాకా ఆగకూడదు. మోచేతులు ఎడంగా పెట్టి, మెడ చాచి, పడుకోలేక కూర్చున్నా, చిగుళ్లు నీలిరంగుకు తిరిగినా అంతే. వంగి కూర్చుని దగ్గుతుంటే వెంట్రుకలు కక్కుతోందనుకుంటారు, అది ఉబ్బసం కావచ్చు.

ఇంటి వైద్యంతోనే అసలు భయం. మనుషులకిచ్చే పారాసిటమాల్ గోలీ ఒక్కటి చాలు పిల్లి ప్రాణం తీయడానికి. రక్తం ఆక్సిజన్ మోసే శక్తినే కోల్పోతుంది. బలవంతంగా నోట్లో పాలు పోస్తే ఊపిరితిత్తుల్లోకి దిగొచ్చు. ఇక పిల్లి ప్రయాణమంటే మనకు గుర్తొచ్చేది మూతి కట్టిన గోనెసంచి! దమ్ముతో ఉన్నదానికి ఆ పెనుగులాటే ప్రాణాంతకం. గాలి ఆడే కోళ్లగంప మీద పల్చటి గుడ్డ కప్పి, చప్పుడు లేకుండా తీసుకెళ్లాలి. ఇంట్లో బీడీ పొగ, దోమల కాయిల్ ఆపాలి.

చందుర్తికి పక్క జిల్లాలో ఉన్న కోరుట్లలో పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయ కళాశాల ఉంది. అయినా ‘పశువుల దవాఖాన’ అంటే బర్రెలకూ గొర్లకే అన్నట్టుంటుంది ఊళ్లో మాట. ఆ పేరు చూసి పిల్లిని తీసుకెళ్లడానికి మొహమాటపడేవాళ్లూ ఉన్నారు. మండల దవాఖానలో చిన్న ఆక్సిజన్ సిలిండరు, దానికో చిన్న మాస్కు కోరడం గొంతెమ్మ కోరికేం కాదు. ఆయాసపడే పిల్లికి ముందు ఆక్సిజన్ పెడతారు, కుదుటపడ్డాకే ఎక్స్‌రే. ‘ముందు ఫొటో తీయండి సారూ’ అని తొందరపెట్టకుండా, ఇంట్లో రాసుకున్న శ్వాసల లెక్క డాక్టరు చేతికిస్తే ఆయన పని సగం తేలికవుతుంది.