గుండె దడలో ఏమని ప్రార్థిద్దాం?

యూరప్‌లో శనివారం రాత్రి తొమ్మిది గంటలంటే మన హైదరాబాదులో పన్నెండున్నర. అప్పటికి ఆదివారం వచ్చేసినట్టే! చాంపియన్స్ లీగ్ ఫుట్‌బాల్ ఫైనల్‌ను 2010 నుంచి మామూలుగా శనివారమే ఆడిస్తున్నారు కనుక ఆ ఆట ఏటా మన ఆరాధన దినంలోకి చొరబడుతోంది. అశోక్‌నగర్ హాస్టళ్లలోనూ, చిక్కడపల్లి గ్రంథాలయం చుట్టుపక్కల అద్దె గదుల్లోనూ గ్రూప్స్ పరీక్షలకు చదువుకునే అబ్బాయిలు ఆ ఒక్క రాత్రి పుస్తకాలు మూసేసి, ఒకే ఫోను చుట్టూ నలుగురైదుగురు చేరతారు. ఆట ముగిసేసరికి రెండున్నర. అదనపు సమయం, పెనాల్టీలు అంటే మూడు దాటుతుంది. ఉదయం నారాయణగూడలో ఆరాధనకు వచ్చి వెనక బెంచీలో కునుకు తీస్తారు.

వీళ్లను చూసి లోకంలో కొట్టుకుపోతున్నారని నొచ్చుకునే పెద్దలున్నారు. మేము ఆ మాట అనలేం. తమకు పైసా రాని ఆటలో, ఎన్నడూ చూడని ఊరి జట్టు కోసం ఆ కుర్రాళ్లు పడే ఆరాటం వింతైనదే గాని చెడ్డదేం కాదు. మధ్యాహ్నం నుంచే అన్నం సహించదు. గతంలో గెలిచిన రోజు వేసుకున్న చొక్కా వెతుకుతారు. కూర్చున్న చోటు మారితే ఎదుటి జట్టు గోల్ కొడుతుందని కదలరు. శకునాలు నమ్మకూడదని సండే స్కూల్లో పాఠం చెప్పే అబ్బాయే ఆ పూట ఎడమవైపు కుర్చీ వదలడు! ఆట మొదలయ్యే ముందు కళ్లు మూసుకుని, 'ప్రభువా, ఈ ఒక్కసారికి మా జట్టును గెలిపించు' అంటాడు.

అప్పుడే ఆ లీగ్ గీతం మోగుతుంది. దానికి ఒళ్లు గగుర్పొడుస్తుందని వాళ్లే చెబుతారు. ఆ బాణీ ఎక్కడిదో వాళ్లలో ఎందరికి తెలుసో! క్రిస్మస్‌కు మన గాయక బృందాలు పాడే 'హల్లెలూయా' కోరస్‌ను కూర్చిన హాండెల్, 1727లో ఇంగ్లండు రాజు రెండవ జార్జి పట్టాభిషేకానికి 'యాజకుడైన సాదోకు' అనే గీతాన్ని కూర్చాడు. 1992లో టోనీ బ్రిటెన్ అనే సంగీతకారుడు దాని ఆధారంగానే ఈ లీగ్ గీతాన్ని తయారుచేశాడు. అంటే మన కుర్రాళ్ల గుండె దడ వెనుక మోగుతున్నది సాక్షాత్తు మొదటి రాజుల గ్రంథం మొదటి అధ్యాయం!

ఆ అధ్యాయాన్ని ఒకసారి తెరిచి చూడండి. గీహోను దగ్గర సాదోకు సొలొమోనును అభిషేకిస్తాడు. జనం చేసిన సంబరానికి నేల బద్దలైందని రాయబడింది. అదే సమయంలో ఏన్‌రోగేలు దగ్గర అదోనీయా, తానే రాజునని అనుకుంటూ స్నేహితులకు విందు చేస్తున్నాడు. ఆ కేకలు అక్కడికీ వినబడ్డాయి. సంగతి తెలియగానే విందుకు వచ్చినవాళ్లు వణికిపోయి ఎవరి దారిన వాళ్లు లేచిపోయారు. అదోనీయా పరుగెత్తి బలిపీఠపు కొమ్ములు పట్టుకున్నాడు. ఒకే కేక, ఒక చోట పండుగ, ఇంకో చోట భయం. అశోక్‌నగర్‌లో ఈ రెంటి మధ్యా పట్టణమంత దూరం కూడా ఉండదు. పక్క పక్క మంచాలే.

ఒకే గదిలో ఉండే ఇద్దరు విశ్వాసులు రెండు జట్ల కోసం ప్రార్థిస్తే దేవుడు ఎవరి మాట వినాలి? 2005 మే 25న ఇస్తాంబుల్‌లో జరిగిన ఫైనల్లో మిలాన్ జట్టు సగం ఆటకే 3–0తో ముందుంది. లివర్‌పూల్ ఆరు నిమిషాల్లో మూడు గోల్స్ కొట్టి సమం చేసి, చివరికి పెనాల్టీల్లో గెలిచింది. ఓడిన మిలాన్‌లో బ్రెజిల్ ఆటగాడు కకా ఉన్నాడు. తన విశ్వాసాన్ని దాచుకోనివాడు. రెండేళ్ల తరువాత, 2007లో ఏథెన్స్‌లో అవే జట్లు తలపడితే మిలాన్ 2–1తో గెలిచింది. కకా మోకరించాడు. అతని బనియను మీద 'నేను యేసుకు చెందినవాణ్ణి' అని ఉంది. యేసు మమ్మల్ని గెలిపించాడని కాదు! ఇస్తాంబుల్‌లో ఓడిన రాత్రి కూడా అతను ఆయనకు చెందినవాడే కదా.

గెలవాలని అడగడం తప్పని మేము అనం. ఫుట్‌బాల్‌ను గెత్సేమనేతో పోల్చే సాహసం చేయం గాని, ప్రభువు అక్కడ తన కోరికను దాచుకోలేదు, గిన్నె తొలగించమనే అడిగాడు. ఆపైన తండ్రి చిత్తానికి వదిలేశాడు. అయితే గ్రూప్స్‌కు చదివేవాళ్లకు ఈ ప్రశ్న ఒక్క రాత్రితో పోదు. ఒకే ఉద్యోగానికి పక్క మంచం మిత్రుడూ ప్రార్థిస్తున్నాడు. నా పేరు జాబితాలో ఉండాలని నేను అడిగితే, అతని పేరు ఉండకూడదని అడిగినట్టేనా? ఈ చిక్కు అర్థమైన కుర్రాడు ఫలితాల రోజున గది తలుపు కాస్త మెల్లగా తీస్తాడు.

ఓటమిని దేవుడి తిరస్కారంగా చూసేవారికి మన పొరుగునే ఒక జవాబుంది. నారాయణగూడకు దగ్గర్లోని కాచిగూడ మిడిల్ స్కూల్లో ఒకప్పుడు ఉపాధ్యాయుడిగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ భారత ఫుట్‌బాల్ జట్టుకు శిక్షకుడయ్యారు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో ఆయన జట్టు యుగోస్లావియా చేతిలో 10–1తో ఓడింది. 1956 డిసెంబర్ 4న మెల్‌బోర్న్ ఒలింపిక్స్ సెమీఫైనల్లో మళ్లీ ఎదురైంది అదే యుగోస్లావియా! పది గోల్స్ తిన్న జట్టు ముందు నిలబడే గుండె దడ ఎంతటిదో ఊహించండి. నెవిల్ డిసౌజా మొదటి గోల్ కొట్టి మనల్ని ముందుంచాడు. చివరికి 4–1తో ఓడాం. అయినా ఈనాటికీ మన ఫుట్‌బాల్ గర్వంగా చెప్పుకునేది ఆ జట్టునే.

మేము భయపడే దడ మరొకటుంది. జట్టు కోసం కాదు, పెట్టిన డబ్బు కోసం కొట్టుకునే దడ. ఆన్‌లైన్ పందేలను తెలంగాణ 2017లోనే నిషేధించింది, కేంద్రం 2025లో చట్టం చేసింది. అయినా పందెం యాప్‌లు దొడ్డిదారిన ఫోన్లలోకి దూరుతూనే ఉన్నాయి. ఊళ్లో అమ్మానాన్నలు హాస్టల్ ఫీజుకని పంపిన డబ్బు గోలుకింత అని పోతుంది. ఆ కుర్రాడి ప్రార్థన పైకి అదే మాటలతో ఉంటుంది, లోపల మాత్రం అప్పులవాడి ముఖం కదలాడుతుంటుంది. కునుకు తీసే కుర్రాడిని మందలించే పెద్దలు ముందు ఇతని పక్కన కూర్చోవాలి, తిట్టకుండా ఎంత పోయిందో అడగాలి.

2026 ఫైనల్‌ను మన గడియారం ప్రకారం రాత్రి తొమ్మిదిన్నరకే మొదలుపెట్టాలని యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య 2025లో ప్రకటించింది. ఆ వేళకు జరిగే ఆటను యువజన కూడిక వాళ్లు చర్చి హాల్లోనే చూపిస్తే ఏం? తెర ఉంది, ప్రొజెక్టరు ఉంది. రెండు జట్ల అభిమానులూ ఒకే చాప మీద కూర్చుంటారు, పందెం ఊసుండదు. పెనాల్టీల దాకా వెళితే మాత్రం పన్నెండు దాటుతుంది, గేటు దగ్గర వాచ్‌మన్‌కు ముందే ఒక మాట చెప్పి, ఆయనకూ ఒక కుర్చీ వేయండి.