ఉద్యోగ ప్రకటన ఇచ్చే ముందు...

గద్వాలలో చీరల షాపు, వనపర్తిలో టైలరింగు, నాగర్‌కర్నూలులో పచ్చళ్లు... ఇంట్లోనే మొదలుపెట్టి నలుగురికి పని చూపిస్తున్న గృహిణులు మన పాలమూరు వైపు తక్కువేం కాదు. కుట్టుపనికి మనిషి కావాలంటే ఇదివరకు షాపు ముందు బోర్డు పెట్టేవాళ్లం. ఇప్పుడు ఫోన్లోనే ప్రకటన. మరి ఏ సైటులో ఇస్తున్నామో చూసుకోవద్దూ!

"రెండు వేలు కడితే మీ ప్రకటన పైన కనిపిస్తుంది, ఇవాళే ఆఖరు" అని తొందరపెడితే అనుమానించండి. ఫీజు తీసుకునే మంచి సైట్లూ ఉన్నాయనుకోండి, కానీ వాళ్లు రేటు ముందే రాసిపెడతారు, రసీదిస్తారు. ఎవరిదో సొంత ఖాతాకు పంపమనరు. అందులో ప్రకటనలున్న ఒకటి రెండు షాపుల నంబర్లు విడిగా కనుక్కుని ఫోన్ చేయండి. "ఇది మీరే ఇచ్చారా? మనుషులు దొరికారా?" అని అడిగితే సగం గుట్టు అక్కడే తెలిసిపోతుంది.

రెండు వేలు పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు. కానీ మీ షాపు పేరు చెప్పి అమ్మాయిల దగ్గర 'రిజిస్ట్రేషన్' డబ్బులు గుంజితే? వాళ్లు వచ్చి నిలదీసేది మిమ్మల్నే కదా! అందుకే "మేం ఎవరి దగ్గరా డబ్బు తీసుకోం" అని ప్రకటనలోనే ఒక ముక్క రాయండి. బ్యాంకు ఓటీపీ మాత్రం ఎవరడిగినా చెప్పొద్దు.

కేంద్ర కార్మిక శాఖ 2015లో ప్రారంభించిన నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్లో యజమానులు ఉచితంగానే ప్రకటన ఇవ్వొచ్చు. ఒకవేళ మోసపోయారా, సిగ్గుపడి ఊరుకోకండి. వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ సొమ్మును అవతలి ఖాతాలో ఆపించే వీలు అంత ఎక్కువ.