ప్రాజెక్టు కొనకండి, బండి విప్పండి

ఫైనలియర్ ప్రాజెక్టును అమీర్‌పేటలో కొని తెచ్చుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ని. మొదటి ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోయా. ఖాళీగా ఉన్న ఆ రోజుల్లోనే, ఇంటి వరండాలో, నాన్న పాత స్ప్లెండర్‌ను కేఫ్ రేసర్‌గా మార్చడం మొదలెట్టా.

1960ల్లో లండన్ ఏస్ కేఫ్ దగ్గర చేరిన కుర్రాళ్లు చేసిందీ ఇదే. అక్కర్లేనివి పీకేసి, హ్యాండిల్ కిందికి దించి, ఫుట్‌రెస్టులు వెనక్కి జరపడం. వినడానికి సులువే! క్లిప్-ఆన్ హ్యాండిళ్లు బిగించి పూర్తిగా తిప్పితే నా బొటనవేలు ట్యాంకుకి నలిగింది. ఫుట్‌రెస్టు జరిపితే గేర్ లివర్‌కీ, బ్రేక్ రాడ్‌కీ కొత్త కొలతలు తీయాల్సి వచ్చింది. అన్నిటికన్నా ఏడిపించింది వైరింగ్. ఉన్నట్టుండి ఫ్యూజు పోయేది. మల్టీమీటర్ పట్టుకుని మూడు రాత్రులు వెతికితే, హ్యాండిల్ మెడ దగ్గర ఒరుసుకుపోయిన ఒక్క వైరు.

తర్వాతి ఇంటర్వ్యూలో ఇరవై నిమిషాలు ఆ వైరు గురించే మాట్లాడుకున్నాం. బండి ఫొటో చూపించమని ఎవరూ అడగలేదు.

మీరూ మొదలుపెడితే ఫ్రేమ్ మాత్రం కోయకండి. ఆర్‌సీలోని వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే తేల్చింది. అందుకే నా కేఫ్ రేసర్ గేటు దాటలేదు. పాత పార్టులన్నీ మళ్లీ బిగించాకే రోడ్డెక్కా. నాన్న అప్పుడు ఊపిరి పీల్చుకున్నారు.

విప్పేముందు ప్రతి కనెక్టర్‌నూ ఫొటో తీసుకోండి. నేను తీయలేదు, మూడు రాత్రుల్లో ఒకటి దానికే పోయింది.