చిల్లుపడ్డ ఆకు

పెళ్ళయిన కొత్తలో మా ఆడపడుచు అత్తగారు భోజనానికి వచ్చారు. క్యాబేజీ పెసరపప్పు కూర చేశాను. రెండో ముద్దకే ఆవిడ వేలితో ఏదో కంచం అంచుకి నెట్టారు. ఆకుపచ్చ పురుగు! ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడమే ఇన్నేళ్ళుగా గుర్తుండిపోయింది. ఆనాటి నుంచీ ఒక్క చిల్లు కూడా లేకుండా నున్నగా మెరిసే గడ్డలే ఏరుకునేదాన్ని.

కిందటి చలికాలం రైతుబజారులో అలాగే ఒక్కొక్కటీ తిప్పిచూసి పక్కన పెడుతుంటే, అమ్ముతున్న రైతు నవ్వేశాడు. "చిల్లుంటే మీరు తీసుకోరు కదమ్మా, అందుకే మందు కొడతాం" అన్నాడు. మరి మీ ఇంటికో అని అడిగాను. "మాకు ఇవేనమ్మా" అని బుట్ట పక్కన పడేసిన చిల్లుల గడ్డలు చూపించాడు. 1999లో రైతుబజార్లు వచ్చినప్పటి నుంచీ పండించినవాళ్ళనే అడిగే వీలుంది మనకి. బేరం తప్ప ఇంకేమైనా అడిగామా?

క్యాబేజీకి పెద్ద శత్రువు డైమండ్ రెక్కల పురుగు. ఏ మందు కొట్టినా కొన్నాళ్ళకి దానికి అలవాటు పడిపోయే మొండిఘటం. ఇరవై అయిదు వరుసల క్యాబేజీకి రెండు వరుసలు ఆవాలు వేస్తే పురుగు అటు పోతుందని వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెబుతూనే ఉన్నారు. కానీ ఆకుమీద ఒక్క చిల్లున్నా మనం ముట్టుకోకపోతే ఆ రైతు మాత్రం ఏం చేస్తాడు? చిల్లున్నంత మాత్రాన మందు కొట్టలేదనీ కాదనుకోండి. అయినా పురుగు కంటికి కనబడుతుంది, ఏరి పారేయొచ్చు. ఆకులోకి ఇంకిన మందు ఏ ఉప్పునీళ్ళకీ రాదు.

మా పక్కింటి పిన్నిగారైతే ఆ పురుగు మెదడులోకి పోతుందట అని క్యాబేజీయే మానేశారు. మెదడుకి ఎక్కేది ఈ ఆకుపచ్చ పురుగు కాదండీ, బద్దెపురుగు. దాని గుడ్లు కంటికి ఆనవు. మనుషుల మలం కలిసిన నీళ్ళు పారించిన ఏ ఆకుకూర మీదైనా ఉండొచ్చు. బాగా ఉడికిస్తే చస్తాయి. భయపడాల్సింది కూరకి కాదు, బండి మీద నూడుల్స్‌లో పైన చల్లే పచ్చి తరుగుకి.

నేను చేసేది ఇంతే. పై ఆకులు రెండు మూడు తీసేస్తాను. గడ్డని నాలుగు చెక్కలు చేసి, గట్టి మొదలు కోసేసి, ఆకులు విడదీసి గోరువెచ్చటి ఉప్పునీళ్ళలో పావుగంట ఉంచుతాను. మడతల్లో దాక్కున్నవి బయటికొస్తాయి. రెండు మూడు నీళ్ళు మార్చి కడిగాకే కత్తిపీట ముందు కూర్చోవడం. తరిగాక నానబెడితే సి విటమిన్ కాస్తా ఆ నీళ్ళలోనే పోతుంది. గడ్డని అలాగే కుళాయి కింద తిప్పి తరిగేయడం నేనూ చేసినదాన్నే. ఆ పురుగు అలా వచ్చిందే. పొద్దున్న రెండు క్యారేజీలు కట్టాల్సిన ఇల్లాలికి పావుగంట అంటే మాటలు కాదు. అందుకే రాత్రే ఆకులు కడిగి, ఆరబెట్టి, ఫ్రిజ్‌లో పెట్టేస్తున్నాను.

ఇప్పుడు చిల్లుల గడ్డలే తెస్తున్నాను. మావారికి ఇంకా నమ్మకం కుదర్లేదు. కూర వడ్డించగానే వేలితో కెలికి చూసుకుని గానీ ముద్ద కలపరు. అంత అనుమానమైతే మీరే చూడండి అని ఆకులు విడదీసే పని ఆయనకే అప్పజెప్పాను.